కంచె కింద బాలయేసు

కార్మక్ గిల్‌ఫాయిల్ ఆ అమ్మాయిని మొదటిసారి చూసింది పశువుల సంతలో. చూసిన కాసేపటికే ఆమె నోరు మూయించాడు. అంటే, ఆమె చేతిలో ఉన్న మైకు ఆపేశాడు.

ఐర్లండ్‌లోని ఆ చిన్న ఊరు కిల్‌డెర్గ్‌లో మైకు ఎక్కడ ఉన్నా దాని వెనక కార్మక్ ఉంటాడు. చర్చిలో పూజకైనా, సంతలో వేలానికైనా, ఫుట్‌బాల్ మైదానంలో స్కోరు చెప్పడానికైనా తీగలు కలిపేది అతనే. పదిమంది మాటలు ఊరంతటికీ వినిపించడం అతని పని. తన మాటలు మాత్రం పక్కన కూర్చున్నవాడికి కూడా సరిగా వినిపించవు.

ఆ రోజు వేలం వలయంలో ఒక ఎర్ర పెయ్య తిరుగుతోంది. వేలంపాట నడిపే ఆయన నీళ్ళు తాగడానికని మైకు కింద పెట్టాడు. అంతలో పసుపుపచ్చ వానకోటు వేసుకున్న అమ్మాయి ఒకతె గేటు తోసుకుని నేరుగా వలయంలోకి వచ్చి, ఆ మైకు అందుకుంది.

“అందరికీ శుభోదయం. నా పేరు న్యాసా హార్టిగన్. డబ్లిన్ నుంచి వచ్చాను. మన దేశంలో చర్చి పెత్తనం మీద, పుస్తకాల నిషేధాల మీద డాక్యుమెంటరీ తీస్తున్నాను. ఈ ఊళ్ళో పత్రికలు తగలబెట్టడం, చర్చిలో మనుషుల పేర్లు చదివి పరువు తీయడం గుర్తున్నవాళ్ళు ఎవరైనా ఉంటే...”

మైకు మూగబోయింది. మెట్ల మీద కూర్చున్న రైతులు టోపీలు సర్దుకుని కప్పు వైపు చూశారు. జవాబిచ్చింది పెయ్య ఒక్కటే.

న్యాసా మైకు తీగ పట్టుకుని, అది ఎటు పోతే అటు నడిచి, చెక్క గదిలో ఉన్న కార్మక్ దగ్గర తేలింది.

“ఆపింది మీరేనా?”

“నేనేనండీ.”

“దీన్ని సెన్సారు అంటారు! నా సినిమా దేనిమీదో సరిగ్గా దాన్నే నాకు చేశారు. ఛ, కెమెరా కారులో ఉండిపోయింది. లేకపోతే ఇదే మొదటి సీను.”

“వేలం నడుస్తోందండీ.”

“ఆయన నీళ్ళు తాగుతున్నాడుగా?”

“నీళ్ళు తాగినా వేలం ఆగదు. ఇక్కడ తలూపితే పాట పాడినట్టే. మీరు మాట్లాడుతుంటే ముగ్గురు తలూపారు.”

“ఊపితే?”

“వలయంలో ఉన్నది మీరూ, పెయ్యా. ఎవరి కోసం ఊపారో తేల్చడం కష్టమవుతుందని...”

ఆమె నవ్వింది. ఆ చిన్న చెక్కగదిలో ఆ నవ్వుకి చోటు చాల్లేదు. కార్మక్ ఎందుకో చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టాడు.

“ఇంతకీ నేను ఎవరికి దక్కాను?”

“పెయ్య బాలర్డ్ వాళ్ళకి వెళ్ళింది. మీ సంగతి ఇంకా తేల్లేదు.”

అంత పొడుగు సంభాషణ కార్మక్ ఆ ఏడాదిలో ఎవరితోనూ చేయలేదు. చేసినందుకు చెవులు ఎర్రబడ్డాయి.

సాయంత్రానికల్లా అతను ఆమె దగ్గర పనిలో చేరిపోయాడు. ఆమెతో వచ్చిన సౌండ్ మనిషి మొదటిరోజే బురదగుంటలో కాలు జారి, నడుం పట్టేసి, డబ్లిన్‌కి పడుకుని వెళ్ళిపోయాడు. అతని పొడవాటి కర్ర, దాని చివర పిల్లిలాంటి బొచ్చు మైకు కార్మక్ చేతికి వచ్చాయి. ఆమె దిగింది కూడా అతను ఉంటున్న ఇంట్లోనే. అతని మేనత్త అట్రాక్టా ఊరికి వచ్చేవాళ్ళకి పై గది అద్దెకిస్తుంది. ఊళ్ళో అద్దెకు దొరికే గది అదొక్కటే కనక ఇందులో దేవుడి ప్రమేయం ఏమీ లేదని కార్మక్ తనకు తాను చెప్పుకున్నాడు.

న్యాసాకి కావలసింది కిల్‌డెర్గ్ కథ. ఒకప్పుడు ఈ ఊరిని ఏలిన పెద్దఫాదర్ ఏది చదవాలో, ఎవరు ఎవరితో నడవాలో, రేడియో ఏ వేళకి కట్టేయాలో అన్నీ తానే చెప్పేవాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన్ని ఎరిగినవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళు కెమెరా ముందు నోరు విప్పాలి. శనివారం లోపు విప్పకపోతే ఊరి ముక్క సినిమాలోంచి తీసేస్తామని టీవీవాళ్ళు చెప్పేశారు. ఏదెలా ఉన్నా శనివారం ఆమె వెళ్ళిపోతుంది. కార్మక్‌కి ఈ రెండో సంగతే ఎక్కువగా గుర్తుకొస్తోంది.

కెమెరా లేనప్పుడు ఊరు బ్రహ్మాండంగా మాట్లాడుతుంది. కొట్టు నడిపే డీలియా అయితే చేతులు తిప్పుతూ చెప్పేది.

“లండన్ నుంచి ఆదివారం పత్రిక వచ్చేదమ్మా. బొమ్మల్లో ఆడవాళ్ళకి మోకాళ్ళు కనిపించేవి. పెద్దఫాదర్ కట్టలకి కట్టలు కొని, మా కొట్టు ముందే తగలబెట్టేవాడు. మా నాన్న పై వారం ఇంకో రెండు కట్టలు ఎక్కువ తెప్పించేవాడు. అలాంటి ఖాతాదారు మళ్ళీ దొరకలేదని చచ్చేదాకా ఏడ్చాడు పాపం.”

“ఇదే! ఇదే నాకు కావాలి. కార్మక్, మైకు! డీలియా గారూ, ఇప్పుడు చెప్పండి.”

ఎర్ర దీపం వెలిగింది. డీలియా మొహం గోడ అయిపోయింది.

“పెద్దఫాదరా? చాలా మంచివారు. పొడుగ్గా ఉండేవారు.”

“పత్రికల సంగతి?”

“ఈ వారమంతా వానే అంటున్నారు.”

పబ్బులో మాటీ క్విగ్లీ అనే ముసలాయన మరీ దారుణం. ప్రేమికుల్ని తరిమేందుకు పెద్దఫాదర్ చీకట్లో పొదల కంచెల్ని కర్రతో కొట్టుకుంటూ పోయేవాడట. ఒక కంచెలోంచి మాటీ వాళ్ళ ఎద్దు లేచిందట. ఆదివారం చర్చిలో, ఒళ్ళు దగ్గర పెట్టుకోనివాళ్ళ జాబితాలో ఎద్దు పేరు కూడా చదివాడట. ఇదంతా బల్ల గుద్దుతూ చెప్పినవాడు, కెమెరా తిరగ్గానే, “మాకు ఎప్పుడూ ఎద్దు లేదు” అన్నాడు.

“చెప్పొద్దని ఎవరన్నారు మీకు?” అని న్యాసా అడిగింది.

“ఎవరూ అన్లేదు. ఎవరైనా అని ఉంటే చెప్పేవాణ్ణే!”

మాట్లాడతానని వెంటపడినవాడు ఒక్కడే, ఇప్పటి ఫాదర్ ఎమెకా. నైజీరియా నుంచి వచ్చి మూడేళ్ళయింది. ఎక్కడ కెమెరా కనిపించినా సైకిలు దిగి వచ్చేవాడు.

“చర్చి తప్పులేగా? నేను చెప్తాను. చాలా ఉన్నాయి.”

“ఫాదర్, మీరప్పటికి పుట్టలేదు. ఈ దేశంలోనే లేరు.”

“మా ఊళ్ళో తప్పులు చెప్పనా?”

“ఇది ఐర్లండ్ మీద ఫాదర్.”

“ఇక్కడ నన్ను ఎవరూ ఏమీ అడగరమ్మా” అని ఆయన దిగులుగా సైకిలెక్కేవాడు.

అలా రోజులు గడిచాయి. వాన విడవలేదు. వ్యానులో అద్దాలకి ఆవిరి పట్టేది. న్యాసా హామ్ శాండ్‌విచ్‌లో సగం విరిచి కార్మక్‌కి ఇచ్చేది. ‘మీరు’ ఎప్పుడు ‘నువ్వు’ అయిందో ఇద్దరూ గమనించనట్టే ఉన్నారు.

“నీ ఊరివాళ్ళు మనుషులేనా? వాన గురించి ఎంతసేపు మాట్లాడతారు?”

“వాన గురించి చాలా ఉంటుంది.”

“నువ్వు కూడా వాళ్ళలాంటివాడివే. అసలు నీ మనసులో ఏముందో ఎవరికైనా చెప్తావా?”

కార్మక్ అద్దం తుడిచాడు. తుడిచిన చోటు నుంచి బయటికి చూశాడు. “ఇది సాయంత్రానికి తగ్గేలా లేదు” అన్నాడు.

ఆమె అతనికి ఇవ్వాల్సిన సగం శాండ్‌విచ్ కూడా తనే తినేసింది.

గురువారం సాయంత్రం న్యాసా వంటింట్లో తల పట్టుకుని కూర్చుంది. “మనుషులు ఎలాగూ మాట్లాడరు. కనీసం రేపు కాసేపు ఎండ వస్తే పాత డాన్స్ హాలు గోడలైనా తీసుకుని పోతాను. అట్రాక్టా ఆంటీ, మీ దేవుడికి చెప్పి కాస్త ఎండ ఇప్పించకూడదూ?”

“ఎందుకిప్పించను” అంది అట్రాక్టా. వాన ఆపి ఎండ తెప్పిస్తాడని అక్కడివాళ్ళు నమ్మే ప్రాగ్ బాలయేసు బొమ్మని అల్మారా మీద నుంచి దింపింది. కిరీటం, ఎర్ర అంగీ, మెడ చుట్టూ జిగురు మరక. ఆ బొమ్మ తల ఎప్పుడో దానంతటది ఊడిపోయింది. అలా ఊడిన బొమ్మకే పవర్ ఎక్కువని ఆ దేశంలో అందరికీ తెలుసు. చేతులారా విరగ్గొడితే పనిచేయదు. అట్రాక్టా దాన్ని తీసుకెళ్ళి, రోడ్డు వైపు కంచె కింద నిలబెట్టి, ఇక గొడుగుతో పనిలేదన్నట్టు తడుస్తూ తిరిగి వచ్చింది.

కార్మక్ అప్పుడు ఇంట్లో లేడు. ఉంటే ఆపేవాడు. ఆపేవాడా అని తరవాత చాలాసార్లు ఆలోచించాడు.

శుక్రవారం పొద్దున ఎండ కిటికీలోంచి వచ్చి టీ కెటిల్ మీద కూర్చుంది. తలుపు కొట్టిన చప్పుడుకి కార్మక్ వెళ్ళి తీశాడు. డీలియా నిలబడి ఉంది. చేతుల్లో తెల్లటి కేకు. నెత్తి మీద పక్షిలాంటి టోపీ.

“దొంగ వెధవా! మాకెవరికీ చెప్పకుండా! దేవుడు చల్లగా చూడాలిరా నిన్ను.”

“థాంక్స్ డీలియా” అన్నాడు కార్మక్. ఎవరేం ఇచ్చినా థాంక్స్ చెప్పడం అతనికి అలవాటు. తరవాత ఆమె భుజం మీదుగా కంచె కింద కిరీటం మెరవడం చూశాడు.

అతను వంటింట్లోకి వచ్చి కేకు బల్ల మీద పెట్టాడు.

“ఏమిటిది?” అంది న్యాసా.

“అత్త బాలయేసుని బయట పెట్టింది.”

“ఎండ కోసం. నేనే అడిగాను. చూడు, ఎంత బాగా కాస్తోందో!”

“పెళ్ళికి ఎండ కాయాలని ముందురోజు పెట్టడం తప్ప, ఊళ్ళో దాన్ని ఊరికే బయట పెట్టరు. కంచె కింద బాలయేసు ఉంటే ఆ ఇంట్లో మర్నాడు పెళ్ళి.”

“ఎవరి పెళ్ళి?”

“ఈ ఇంట్లో పెళ్ళి కానివాళ్ళం ముగ్గురం. నువ్వు, నేను, అత్త.”

“నాదెందుకు కాకూడదు?” అంది అట్రాక్టా, టీ పోస్తూ. తల మాత్రం ఎత్తలేదు.

న్యాసా మొహం మీద రంగులు మారాయి. లేచి విసురుగా వాకిట్లోకి వెళ్ళింది. అక్కడ అప్పటికే డీలియాతో పాటు మాటీ, ఇంకో నలుగురు మంచి బట్టల్లో నిలబడి ఉన్నారు.

“చూడండి, ఇదంతా ఏదో...”

“ష్!” అంది డీలియా, చుట్టూ చూసి. “మాకు తెలుసులే. నీ సినిమా వల్ల చర్చిలో చేసుకోలేరు. టౌనుకి వెళ్ళి రిజిస్ట్రారు దగ్గర చేసుకుంటున్నారు. మేం ఫాదర్ చెవిన వేయం. ఊళ్ళో ఒక్క ప్రాణి కూడా వేయదు. పాపం, ఆయన మనసు కష్టపెట్టుకుంటాడు.”

“అది కాదు డీలియా గారూ...”

“ఇంకా గారూ ఏమిటే? ఇక నువ్వు మా పిల్లవి. బయటివాళ్ళకి చెప్పలేకపోయాం గాని, ఇంటి పిల్లకి చెప్పడానికేం? ఆ కెమెరా పట్రా. పత్రికల సంగతి మొదట్నించీ చెప్తాను.”

“ముందు నా ఎద్దు” అన్నాడు మాటీ.

న్యాసా వెనక్కి తిరిగి కార్మక్ వైపు చూసింది.

“ఒక్క గంట” అని గుసగుసగా అంది. “ఒక్క గంట తరవాత చెప్పేస్తాను.”

కార్మక్ కర్ర అందుకున్నాడు.

గంట మధ్యాహ్నం దాకా సాగింది. వాకిట్లో కుర్చీ వేశారు. దాని ముందు వరస కట్టారు. ఎద్దు వచ్చింది, పత్రికలు వచ్చాయి. బళ్ళో జీవశాస్త్రం పుస్తకంలో రెండు పేజీలు మైదాపిండితో అంటించిన కథ వచ్చింది. పిండి వాసనకి ఎలుకలు ఆ రెండు పేజీలే కొరికేశాయట. ఆ విషయాలు ఊళ్ళో పిల్లలకన్నా ఎలుకలకి ముందు తెలిశాయని చెప్పి ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. చెప్పినవాళ్ళు వెళ్ళలేదు. కేకు కోసుకుని, గడ్డి మీద కూర్చుని, తరవాతవాళ్ళు చెప్పేది విన్నారు. “ఇది నాకెప్పుడూ చెప్పలేదేం?” అని మొగుణ్ణి నిలదీసిన ముసలావిడ కూడా ఉంది.

మధ్యలో ఫాదర్ ఎమెకా సైకిలు మీద వచ్చాడు. వాకిలి వాకిలంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టింది.

“ఏమిటి విశేషం? అందరూ కొత్త బట్టల్లో ఉన్నారు!”

“ఎండ బాగుందని ఫాదర్” అంది డీలియా.

“కేకు కూడా ఉంది!”

“ఎండ బాగుందనే ఫాదర్.”

ఆయన బొమ్మని చూశాడు. టోపీల్ని చూశాడు. ఆయన దేశంలో ఈ బొమ్మకి ఈ పని లేదు. ఎవరైనా చెప్తారేమోనని కాస్త ఆగాడు. కేకు ముక్క ఒకటి చేతిలో పెట్టి, నెమ్మదిగా సైకిలు ఎక్కించి పంపేశారు. ఆ ఊళ్ళో అందరూ కలిసి చర్చికి తెలియకుండా ఒక సంగతి దాచడం అదే మొదలు. ఆయన మలుపు తిరిగాక అంతా చప్పట్లు కొట్టినంత పని చేశారు.

చివరికి డింప్నా టీచర్ వచ్చింది. ఊళ్ళో సగం మందికి అక్షరాలు నేర్పినావిడ. ముదురు నీలం కోటుకి గుండీలన్నీ పెట్టుకుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. న్యాసా ఏమీ అడగకముందే మొదలుపెట్టింది.

“జార్లెత్ అని ఉండేవాడు. వెన్న ఫ్యాక్టరీలో పని. సాయంత్రాలు బడి నుంచి మా ఇంటి దాకా నాతో నడిచేవాడు. ఇద్దరి మధ్యా సైకిలు ఉండేది. ఒక హ్యాండిల్ నేను పట్టుకునేదాన్ని, ఒకటి అతను. మేం తాకిందల్లా ఆ సైకిలునే.”

వాకిట్లో కేకు నమలడం ఆగింది.

“పెద్దఫాదర్ ఆదివారం నా పేరు చదివాడు. అతని పేరూ చదివాడు. ఒకే సైకిలుకి రెండు వైపులా నడవడం బడిపంతులమ్మకి తగదన్నాడు. అందరూ నవ్వారు. ఇప్పుడు నాకూ నవ్వొస్తుంది. అప్పుడు ఉద్యోగం పోతుందని అమ్మ ఏడ్చింది. అతను ఇంగ్లండ్‌లో కొవెంట్రీ వెళ్ళిపోయాడు. సైకిలు మా గేటుకి ఆనించి వెళ్ళాడు. కొన్నాళ్ళు నేను దానిమీదే బడికి వెళ్ళాను.”

చేతిసంచీ ఒళ్ళో సర్దుకుంది.

“తరవాత పోయాడని తెలిసింది. ఎవరైనా అడిగితే చెప్పేదాన్నేమో. ఎవరూ అడగలేదు. అంతే అమ్మా.”

కార్మక్ చేతిలో కర్ర కదల్లేదు. హెడ్‌ఫోన్లలో టీచర్ చేతిసంచీ గొళ్ళెం తెరుచుకున్న చప్పుడు, మూసుకున్న చప్పుడు వినిపించాయి. న్యాసా “కట్” అనడం మరిచిపోయింది.

తరవాత ఆమె కార్మక్‌ని ఇంటి వెనక బొగ్గుల గది దగ్గరికి లాక్కెళ్ళింది.

“ఇంతకన్నా మంచిది నా జన్మలో తీయను” అంది.

“ఆవిడకి చెప్పాలి.”

“ఏమని?”

“పెళ్ళి లేదని. మనవాళ్ళ పిల్ల అనుకుని చెప్పింది ఆవిడ.”

“చెప్తే అందరూ వెనక్కి తీసుకుంటారు కార్మక్! రేపు నేను వట్టి చేతుల్తో పోవాలి.”

“నోళ్ళు మూయించినవాళ్ళ మీద సినిమా తీస్తూ, నువ్వే ఒక మాట మింగేస్తే ఎలా?”

ఆమెకి కోపం వచ్చింది. నిజం కనక ఎక్కువగానే వచ్చింది.

“నాకు నీతులు చెప్తున్నావా? నువ్వెందుకు చెప్పలేదు మరి? పొద్దున తలుపు తీసింది నువ్వు. ‘పెళ్ళి లేదు డీలియా’ అనడానికి ఎంతసేపు పడుతుంది? థాంక్స్ అన్నావు! మాటీ నీ వీపు తడితే మెలికలు తిరిగిపోయావు. నేను సినిమా కోసం నోరు మూసుకున్నాను. నువ్వు దేనికోసం మూసుకున్నావు?”

కార్మక్ బొగ్గుల వైపు చూశాడు. తరవాత చరచరా వాకిట్లోకి నడిచాడు. ఆమె వెనకే పరిగెత్తింది.

“అందరూ వినండి” అన్నాడు. మైకు లేదు. గొంతు అతనికే కొత్తగా ఉంది. “పెళ్ళి లేదు. అత్త బొమ్మని పెట్టింది ఎండ కోసం. ఈ అమ్మాయి రేపు డబ్లిన్ వెళ్ళిపోతోంది. మీరు పొరపాటు పడ్డారు. మేం చెప్పకుండా ఊరుకున్నాం. తప్పు మాదే.”

వాకిలి గడ్డకట్టింది. డీలియా కేకు వైపు చూసింది. కేకు చాలా వరకు అయిపోయింది.

న్యాసా ముందుకొచ్చింది. “పొద్దున్నే చెప్పాల్సింది నేను. మీరు చెప్పినవన్నీ మీవి. ఎవరిది తీసేయమంటే వాళ్ళది ఇప్పుడే, మీ ముందే తీసేస్తాను.”

“నాది తీసెయ్” అంది డీలియా వెంటనే.

“నా ఎద్దుని కూడా” అన్నాడు మాటీ.

“మాదీ...” “మాదీ...”

న్యాసా కెమెరా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. చెరిపే బొత్తాం మీద వేలు పెట్టింది. అప్పుడు డింప్నా టీచర్ కుర్చీలోంచి లేవకుండానే అంది:

“నాది ఉంచు.”

“టీచర్...”

“నేను పెళ్ళి కోసం చెప్పలేదమ్మాయ్. కంచె కింద బొమ్మ నా కళ్ళకి ఆనదు కూడా. ఈ అబ్బాయి కర్ర పట్టుకుని, ఒక్కసారైనా దగ్గకుండా, నాకేసి చూస్తూ నిలబడ్డాడు. నువ్వు మధ్యలో అడ్డు రాలేదు. చెప్పాలనిపించింది, చెప్పాను. నాది ఎవరూ ముట్టుకోవద్దు.”

మాటీ గొంతు సవరించుకున్నాడు.

“టీచర్‌దే ఉంచితే నా ఎద్దుకేం వచ్చింది? ఉండనీ.”

“అయితే నాదీ ఉంచు” అంది డీలియా. “మా నాన్నని ఖాతాదారు కోసం ఏడ్చాడన్నాను చూడు, అది మాత్రం తీసెయ్. వద్దులే, అదే బాగుంది. మాటీ ఎద్దుని కొంచెం తగ్గించు.”

“నా ఎద్దుని ఎందుకు తగ్గించాలి?”

“మరీ పొడుగుంది.”

వాకిలి మళ్ళీ వాకిలైంది. ఎవరిది ఎంత ఉంచాలో, ఎవరి మొగుడి మాట ఎక్కడ కోయాలో అందరూ ఒకేసారి చెప్పసాగారు. అంతమంది సెన్సారు అధికారుల మధ్య న్యాసా తల తిరిగిపోతూ కూర్చుంది.

ఆ గోలలో డింప్నా టీచర్ బళ్ళో పిలిచినట్టు పిలిచింది. “కార్మక్ గిల్‌ఫాయిల్!”

“టీచర్?” అతను నిటారుగా అయిపోయాడు.

“పెళ్ళి లేదని చెప్పావు. బాగానే చెప్పావు. ఉండకూడదని ఎవరన్నారు?”

“ఎవరూ అన్లేదు టీచర్.”

“మరి?”

అందరూ తిరిగి చూశారు. కార్మక్ చేతుల్లో కర్ర కూడా లేదు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వాటిని జేబుల్లో పెట్టుకుని, మళ్ళీ తీశాడు. న్యాసా వైపు చూసి మాట్లాడాడు. నెమ్మదిగా, ఒక్కో మాట ఏరి కింద పెడుతున్నట్టు మాట్లాడాడు.

“నువ్వు కట్ అన్నాక నేను రికార్డింగు ఆపడం లేదు. మొదటిరోజు మరిచిపోయాను. రెండోరోజు నుంచి మరిచిపోలేదు. నువ్వు చలికి తిట్టుకోవడం, బూట్లలో నీళ్ళు ఒంపడం, తప్పు రోడ్డు పట్టి అది మ్యాపు తప్పని గొడవ పెట్టుకోవడం... అన్నీ వింటున్నాను. రేపటి నుంచి ఈ చెవుల్లో ఏముంటుందో తెలియడం లేదు. నువ్వు వెళ్ళకపోతే బాగుండును. నువ్వంటే నాకు... ఇష్టం. చాలా.”

“అంతేనా?” అంది అట్రాక్టా. “అంతదూరం వెళ్ళి, అంతేనా?”

“నువ్వుండు అత్తా.”

న్యాసా లేచింది. మోకాళ్ళకి గడ్డి అంటుకుంది. కళ్ళు మెరుస్తున్నాయి. మొహం మాత్రం చాలా సీరియస్‌గా పెట్టింది.

“నాకు తెలుసు” అంది.

“తెలుసా?”

“ఏ రోజు తీసింది ఆ రాత్రే పై గదిలో వింటాను కదా, బుద్ధావతారం! రోజుకంత నా గొడవే వినిపిస్తుంటే తెలియదా? ఇవాళ ఆపుతాడా, రేపు ఆపుతాడా అని చూశాను. ఆపలేదు. నేనూ తిట్టాల్సింది, తిట్టలేదు.” ఊపిరి తీసుకుంది. “డబ్లిన్‌లో ఎడిటింగు పని నెలల తరబడి ఉంటుంది. సౌండ్ చూసుకోవడానికి మనిషి కావాలి. రేపే బయల్దేరాలి. చర్చి మైకు ఎవరు చూస్తారు అని మాత్రం అనకు.”

“మాటీ చూస్తాడు.”

“నేనెక్కడ...” అన్నాడు మాటీ. డీలియా అతని కాలు తొక్కింది.

కార్మక్ ఆమె దగ్గరికి నడిచాడు. ఆమె కూడా నడిచింది. ఊరంతా చూస్తుండగా, చుట్టూ కంచెల మీద పట్టపగటి ఎండ కాస్తుండగా, ఇద్దరూ ముద్దు పెట్టుకున్నారు. అట్రాక్టా ఒకసారి సిలువ గుర్తు వేసుకుంది. రెండోసారి చూడ్డానికి కళ్ళద్దాలు తుడుచుకుంది. కెమెరా బొత్తాం మీద న్యాసా వేలు ఎప్పుడు పడిందో గాని, ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. ఆ సంగతి ఆమె కన్నా ముందు డీలియా చూసింది.

ఏడాది తిరిగాక సినిమా పూర్తయింది. మొదటి ప్రదర్శన కిల్‌డెర్గ్‌లోనే వేశారు. ఊళ్ళో తెర ఉన్నది చర్చి వాళ్ళ హాలులోనే. ఫాదర్ ఎమెకా తాళం తీసి, కుర్చీలు తనే వేశాడు. సినిమాలో ఆయన కూడా ఉన్నాడు. సైకిలు మీద వచ్చి, కేకు ముక్క పుచ్చుకుని వెళ్ళిపోతాడు. తను కనిపించగానే లేచి నిలబడి అందరికీ చూపించుకున్నాడు.

ఎద్దుకి ఈలలు పడ్డాయి. పత్రికలకి డీలియా తానే చప్పట్లు కొట్టుకుంది. డింప్నా టీచర్ మాట్లాడినంతసేపూ హాల్లో ఎవరూ దగ్గలేదు. టీచర్ ముందు వరసలో, కోటుకి గుండీలన్నీ పెట్టుకుని, తెర మీద తనని తను వేరే మనిషిని చూస్తున్నట్టు చూసింది. అయ్యాక పక్కనున్న న్యాసా చేతి మీద చెయ్యి వేసి, తీయలేదు.

దీపాలు వెలిగాయి. చప్పట్లు మోగాయి. వాటి వెనకే గొడవ మొదలైంది.

“ముద్దేదీ?” అని లేచింది డీలియా.

“అవును, వాకిట్లో ముద్దు ఏదీ?” అన్నాడు మాటీ. “కెమెరా తిరిగింది. డీలియా కళ్ళారా చూసింది!”

“కోసేశారు!”

“ఇంత సెన్సారు పెద్దఫాదర్ కాలంలో కూడా లేదు!”

“ఫాదర్, మీరే కోయించారా?”

“నేనా? నాకు ఏ ముద్దూ తెలియదు!” ఫాదర్ ఎమెకా నిజంగానే కంగారుపడ్డాడు. “ఎవరి ముద్దు? ఎప్పుడు? నాకెవరూ ఏమీ చెప్పరేం?”

కార్మక్ లేచాడు. ఏడాదిగా న్యాసాతో ఉన్నా, పదిమందిలో లేవడం అతనికింకా అలవాటు కాలేదు.

“కోసింది నేనే. ఇద్దరం అనుకునే కోశాం. అది ఇంట్లో ఉంది” అన్నాడు.

“ఇంట్లో ఉంటే మాకెలా?” అంది డీలియా.

డింప్నా టీచర్ చేతికర్రతో నేల మీద ఒక్కసారి కొట్టింది. ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళంతా, అంటే హాల్లో సగం మంది, కూర్చోమనకుండానే కూర్చున్నారు. మిగతా సగం కూడా వాళ్ళని చూసి కూర్చున్నారు.

“వాళ్ళది వాళ్ళు ఉంచుకున్నారు. అందులో మీకేం పని?” అంది. తరవాత న్యాసా వైపు వంగి, గొంతు తగ్గించి అడిగింది: “నాకు మాత్రం ఎప్పుడు చూపిస్తారు?”

“ఆదివారం అట్రాక్టా ఆంటీ ఇంటికి భోజనానికి రండి టీచర్” అంది న్యాసా.